కూలితే లక్షా ఇరవై వేలు, బీటలిస్తే నాలుగు వేలు

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీరు రావడం అదే. వరద తీసిన కొన్నాళ్ళకు దుమ్ముగూడెం మండలంలో ఒక కోయగూడేనికి వెళ్ళాను. ఒక ఇంటికి మూడు గోడలు బాగానే ఉన్నాయి. నాలుగోది నాని, పొట్ట ఉబ్బి బయటికి ఒరిగింది. ఇంటామె దానికో దుంగ ఆనించి నిలబెట్టే ప్రయత్నంలో ఉంది. పక్కనే ఉన్న ఆడబిడ్డ వద్దని వారిస్తోంది. "నిలబెట్టకు వదినా. రాసుకునేటోళ్ళు వచ్చిపోయేదాకా అట్టనే ఉండనీ. పడ్డ ఇంటికే డబ్బులంట."

ఆ మాట విని నాతో వచ్చిన ఒక మిత్రుడు నవ్వాడు. "చూశారా, సబ్సిడీలు జనాన్ని ఎలా తయారుచేశాయో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఆడబిడ్డ విపత్తు సహాయ నిబంధనలను మాకంటే సరిగ్గా అర్థం చేసుకుంది. అప్పటి లెక్కల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 95,100 రూపాయలు. కనీసం పదిహేను శాతం దెబ్బతిన్న కచ్చా ఇంటికి 3,200. ఆ తర్వాత 2022-26 కాలానికి సవరించిన నిబంధనల్లో ఇవి 1,20,000, 4,000 అయ్యాయి. గుడిసె ఐతే, మొత్తం పోయినా 8,000. పశువుల కొట్టానికి 3,000. అంటే కూలిన ఇంటికీ బీటలిచ్చిన ఇంటికీ మధ్య ముప్ఫై రెట్ల తేడా. గోడను కాపాడుకునే ఆడమనిషికి నాలుగు వేలు, గోడను వదిలేసే ఆడమనిషికి లక్షా ఇరవై వేలు ఇస్తామని రాజ్యమే కాగితం మీద రాసిపెట్టి, తీరా ఆమె గోడను వదిలేస్తే బద్ధకమంటుంది.

అదే వారం ముఖ్యమంత్రి భద్రాచలం వచ్చి కుటుంబానికి పదివేల తక్షణసాయం ప్రకటించారు. ఎత్తైన చోట శాశ్వత కాలనీ కట్టడానికి వెయ్యి కోట్లన్నారు. ఆ ప్రకటనలో కొత్త కాలనీ ఉంది. నిలబడి ఉన్న ఇంటిని వచ్చే వరదకు తట్టుకునేట్టు బాగుచేయడం లేదు. నిబంధనల్లో ఇంకో చిన్న వాక్యం ఉంది, దాన్ని మన కార్యకర్తలు కూడా చాలామంది చదివి ఉండరు. దెబ్బతిన్న ఇల్లు అధికారిక అనుమతి ఉన్న కట్టడమని తగిన అధికారి ధ్రువీకరించాలి. పోడు భూమిలో, అటవీ హద్దుల్లో ఉన్న ఇంటిని ఎవరు ధ్రువీకరిస్తారు? ఆ ఒక్క వాక్యంతో ఆ నాలుగు వేలూ ఎగిరిపోతాయి.

ఈ మధ్య పట్నాల్లో ఒక కొత్త చర్చ నడుస్తోంది. ఉన్న భవనాలను పర్యావరణానికి అనుకూలంగా, ఎండనూ వాననూ తట్టుకునేట్టుగా మరమ్మతు చేసుకోవాలని, ప్రతిదాన్నీ కూలగొట్టి కొత్తది కట్టడం భూమికి భారమని. మంచి మాటే. సిమెంటు, ఇనుము తయారీలో వెలువడే పొగ ఎంతో మనకిప్పుడు తెలుసు. ఉన్న గోడను నిలబెట్టడమే అన్నిటికంటే తక్కువ ఖర్చు, తక్కువ కాలుష్యం. ఐతే ఈ చర్చల్లో "అవరోధాలు" అని ఒక జాబితా చదువుతారు. పెట్టుబడి దొరకదు, సాంకేతిక నిపుణులు లేరు, ఖర్చు యజమానిది లాభం కిరాయిదారుది కాబట్టి ఎవరూ ముందుకు రారు, ప్రజల్లో అవగాహన లేదు. హైదరాబాదు అపార్టుమెంట్లకు ఈ జాబితా సరిపోవచ్చు. కానీ అందులో బీటు ఆఫీసరు లేడు. పట్టా లేదు. ముంపు లేదు. గోడ అలికే మనిషి అసలే లేదు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచున ఉన్న ఇళ్ళకు అవరోధాలు ఇవే.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లబరచాలని లక్ష్యం. అందులో 200 హైదరాబాదుకే. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు ఆపైన స్థలంలో ఉన్న ఇళ్ళకు తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్ళకు ఐచ్ఛికం. ఐచ్ఛికం అంటే సర్కారు భాషలో మీ తిప్పలు మీరు పడండని అర్థం. కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. ఆ ఎండలో సిమెంటు రేకు కింద పొయ్యి ముందు కూర్చునేది ఎవరో, ఆ రేకు మీద సున్నం కొట్టించడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేసి ఉంటే ఈ విధానం మొదలు ఇక్కడే పెట్టవలసింది.

రేకు మాట వచ్చింది కాబట్టి "పక్కా" అనే మాట సంగతి కూడా చూద్దాం. 2011 సామాజిక, ఆర్థిక కుల గణనలో పైకప్పులను రెండుగా విడగొట్టారు. గడ్డి, ఆకు, వెదురు, ప్లాస్టిక్‌తో పాటు చేత్తో చేసిన పెంకు కూడా కచ్చా జాబితాలో పడింది. యంత్రం మీద చేసిన పెంకు, ఇనుప రేకు, ఆస్‌బెస్టాస్ రేకు పక్కా. మన కుమ్మరి చేసిన గూన పెంకు కచ్చా, దాని తాపం తెలిసిన మనిషెవరూ ఇష్టపడని సిమెంటు రేకు పక్కా! ఆ గణన ఆధారంగానే ఇళ్ళ పథకాలకు అర్హులను ఎంచారు. ఆస్‌బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సరు కారకమేనని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. 60కి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. మన దగ్గర అది ఇంకా పేదవాడి పైకప్పే. పగిలిన రేకు ముక్కలను ఏరి దడి కట్టుకునేది, పొడి ఊడ్చేది ఆడవాళ్ళు. గూన పెంకు తీసి రేకు వేసుకున్న ఇంటిని అధికార భాష "మెరుగైన ఇల్లు" అంటుంది.

ఇక అడవి. కోయ ఇల్లంటే ఏమిటి? గుంజలు, దూలం, వాసాలు, వెదురు దబ్బల తడిక, దాని మీద ఎర్రమన్ను, పైన గడ్డో తాటాకో పెంకో. గుంజకు చెద పడుతుంది, మార్చాలి. గడ్డి రెండు మూడేళ్ళకు మార్చాలి. తడిక పుచ్చిపోతుంది. ఈ ఇంటికి మరమ్మతు అంటే అడవికి వెళ్ళడమే. అడవికి వెళ్ళి వాసం తేవడం నేరం. సిమెంటు బస్తా తెచ్చుకుంటే ఎవరూ అడగరు. భుజాన వెదురు మోపు కనబడితే ఆపుతారు. ఒకావిడ నాతో అంది, "ఇల్లు బాగుచేసుకునే నెల్లో మా ఆయన్ని ఇంట్లో కంటే రేంజి ఆఫీసు అరుగు మీదే ఎక్కువ చూస్తాను." మొగవాణ్ణి ఆపితే జరిమానా. ఆడవాళ్ళను ఆపితే జరిమానాతో పోదు. మోపు గుంజుకోవడం, కత్తి గుంజుకోవడం, ఇంకా రాయడానికి వీల్లేని మాటలు. అందుకే గడ్డి కోతకు ఒంటరిగా ఎవరూ పోరు. పదిమంది కూడాలంటే కూలి మానుకోవాలి.

చట్టం ఏమంటోంది? 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో స్పష్టంగా చేర్చింది. వాటి మీద యాజమాన్య హక్కు గూడేనిది. కాబట్టి తడికకు వెదురు తెచ్చుకునే మనిషిని ఆపడమే చట్టవిరుద్ధం. గడ్డీ అంతే. కలప మాత్రం అందులో లేదు. కానీ మూడో సెక్షన్‌లో నిస్తార్ వంటి సామూహిక హక్కులను, ఏ పేరుతో ఉన్నా సరే, పూర్వపు సంస్థానాల్లో, జమీందారీల్లో ఉన్నవాటితో సహా గుర్తించాలని ఉంది. ఇంటి అవసరాలకు అడవి నుంచి తెచ్చుకునే వాడుక హక్కే నిస్తార్. ఖమ్మం నిజాం సంస్థానంలోది, 1953లో వరంగల్లు నుంచి విడదీసి జిల్లా చేశారు. భద్రాచలం, నూగూరు తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీ కింద గోదావరి ఏజెన్సీలోవి, 1959లో ఖమ్మంలో కలిశాయి. ఇటు సంస్థానపు వాడుకలు, అటు ఏజెన్సీ వాడుకలు రెండూ ఈ నేల మీదే ఉన్నాయి. ఇంటి కలప కోసం ఈ హక్కును నిలబెట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉంటుందా?

అదే చట్టంలో ఇంకో వింత ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రోడ్డు, కరెంటు లైను ఇలా పదమూడు రకాల సౌకర్యాల కోసం హెక్టారుకు 75 చెట్ల వరకు కొట్టడానికి, గ్రామసభ సిఫారసు మీద, ప్రభుత్వం అనుమతించవచ్చు. ఆ పదమూడింటిలో ఇల్లు లేదు. ఊరికి రోడ్డు వేయడానికి డెబ్భై ఐదు చెట్లు, ఊళ్ళో ఇంటికి ఒక్క వాసం కూడా కాదు!

అడవి ఉండనిస్తే కదా వాసం దొరికేది అనే వాళ్ళున్నారు. ఆదివాసులు ఇళ్ళు కట్టుకుని అడవిని తినేశారట. 1975లో ఏర్పడ్డ అటవీ అభివృద్ధి సంస్థ ఈ జిల్లాలో ఎన్ని వేల ఎకరాల్లో సహజ అడవిని తీసి జామాయిల్ వేసిందో సత్తుపల్లి, అశ్వారావుపేట దారిలో బస్సు కిటికీలోంచి చూస్తే చాలు. జామాయిల్ కింద కప్పుగడ్డి మొలవదు. వెదురు ఉండదు. ఈ రాష్ట్రంలో దశాబ్దాలపాటు అడవి వెదురును కాగితపు మిల్లులకు అటవీశాఖే అందించింది. మిల్లుకు పోయిన వెదురు "ముడిసరుకు", తడికకు పోయిన వెదురు "స్మగ్లింగు". ఈ రెండు మాటల తేడాలోనే మన అటవీ విధానమంతా ఉంది.

ఇప్పుడు పని సంగతి. మట్టి ఇంటి మరమ్మతులో మొగవాళ్ళ పని గుంజ పాతడం, పైకప్పు వేయడం. అది రెండు మూడేళ్ళకోసారి వచ్చే పని, ఇరుగుపొరుగు కలిసి చేస్తారు, ఆ రోజు కల్లూ భోజనమూ ఉంటాయి. ఆడవాళ్ళది ఎర్రమన్ను తవ్వి తేవడం, గడ్డి ముక్కలు కలిపి తొక్కడం, గోడ మెత్తడం, వానకు కొట్టుకుపోయిన అరుగు మళ్ళీ కట్టడం, పేడతో అలకడం. ఇది ఎప్పటికీ తెమిలే పని కాదు, దీనికి కల్లు ఉండదు. నేను చూసిన ఇంజనీర్ల ఎస్టిమేట్లలో ఇటుక ఉంది, సిమెంటు ఉంది, తాపీ మేస్త్రీ కూలి ఉంది. మెత్తడం, అలకడం ఎక్కడా లేవు. ఉపాధి హామీ చట్టం అమల్లో ఉన్న రోజుల్లో కొత్త ఇల్లు కట్టుకునే వాళ్ళకు 90 పనిదినాల కూలి ఇచ్చారు, కొండ ప్రాంతాల్లో 95. పాత ఇంటి గోడ మెత్తుకున్నందుకు ఒక్క రోజు కూలి కూడా రాయలేదు. కొత్త ఇల్లు కట్టడం పని. పాత ఇంటిని నిలబెట్టడం ఇంటి పని. ఇంటి పనికి కూలేమిటి?

ఇక్కడ మనం, అంటే స్త్రీ సంఘాల వాళ్ళం, స్వచ్ఛంద సంస్థల వాళ్ళం, కొంచెం ఆగి మన మొహాలు కూడా అద్దంలో చూసుకోవాలి. మట్టి ఇల్లు చల్లగా ఉంటుంది, పర్యావరణానికి మంచిది, ఆదివాసీ సంస్కృతి, స్లాబు వద్దు అని మనం ఉపన్యాసాలిస్తాం. వర్కుషాపు పెట్టి ఒక నమూనా ఇల్లు కట్టిస్తాం. దానికి ఆర్కిటెక్టు వస్తాడు, ఫొటోలు తీస్తాం, వార్షిక నివేదిక ముఖచిత్రం అవుతుంది. మూడో వానాకాలానికి ఆ ఇంటి గోడ ఎవరు మెత్తుతారో మనం అడగం. చర్ల వైపు ఒక గూడెంలో ఒక పెద్దావిడతో నేనూ ఇలాగే మాట్లాడాను. భర్త పోయాడు, కొడుకు కొత్తగూడెంలో కూలి. అంతా విని ఆమె అంది, "మట్టి ఇల్లు మీరు ఫొటో తీసుకోడానికి బాగానే ఉంటదమ్మా. అలికే చేతులు నావి."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమెకు స్లాబు కావాలి. స్లాబుకు చెద పట్టదు, నిప్పంటుకోదు, పాము చూర్లో దూరదు. అలకాల్సిన పని తగ్గుతుంది. ఆమె లెక్కలో స్లాబు అంటే విశ్రాంతి. ఆ విశ్రాంతి కోరికను "వినియోగదారీ మనస్తత్వం" అని కొట్టిపారేసే హక్కు ఏసీ గదిలో కూర్చున్న మనకు లేదు. ఐతే స్లాబు వచ్చిన ఇళ్ళలో ఏం జరుగుతోందో కూడా చూడాలి. నేను తిరిగిన గూడేల్లో చాలా చోట్ల స్లాబు గదిలో మిరపకాయల బస్తాలు, పత్తి, ఎరువులు ఉన్నాయి. మనుషులు దాని వెనక పాత పాకలో ఉన్నారు, లేదా దాని ముందు తడిక పందిరిలో. ఎండాకాలం రాత్రి స్లాబు కింద పడుకోలేమంటారు. వంట కొత్త ఇంట్లో చేస్తే గోడలు మసిబారతాయని పొయ్యి మళ్ళీ బయటికే. అంటే ఆమె ఇప్పుడు ఒక ఇంటిని కాదు, రెండిళ్ళను చూసుకుంటోంది. స్లాబు ఇంటిని ఊడ్చాలి, పాకను అలకాలి. విశ్రాంతి మాత్రం రాలేదు.

కాబట్టి మట్టా, సిమెంటా అన్నది మన ప్రశ్న కానే కాదు. ఆమె ఇంటిని తనకు కావలసినట్టు మార్చుకునే డబ్బు, సామాను, అధికారం ఆమె చేతిలో ఉన్నాయా అన్నది ప్రశ్న. మట్టి గోడకు కింద రెండడుగులు రాతి పునాది వేస్తే వరదకు నానదు. అడుగున సిమెంటు పూత పూస్తే ఏటా మెత్తే పని సగానికి తగ్గుతుంది. గడ్డి తీసి పెంకు వేస్తే నిప్పు భయం పోతుంది. రేకు కింద తడిక కడితే, పైన సున్నం కొడితే వేడి తగ్గుతుంది. గోడలో ఒక కిటికీ, వంటచోట ఒక పొగగూడు. ఇవన్నీ ఆడవాళ్ళు చెప్పినవే. దేనికీ ఐదు లక్షలు అక్కర్లేదు. కానీ ఐదు లక్షలు ఉన్నాయి, యాభై వేలు లేవు.

అప్పట్లో ఉండేవి, చాలా తక్కువే అనుకోండి. ఇందిరా ఆవాస్ యోజన 1985లో మొదలైంది. 1999-2000 నుంచి ఆ నిధుల్లో ఇరవై శాతం ఉన్న కచ్చా ఇళ్ళను మెరుగుపరచడానికి కేటాయించారు. ఇంటికి పదివేలు, తర్వాత పెంచి 2008లో పదిహేను వేలు. ఆ పదివేలతో ఏమొస్తుందని మనమే ఎగతాళి చేశాం. 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చేసరికి గ్రామీణ పథకంలో ఆ వాటా కూడా పోయింది. ఇప్పుడున్నది 25 చదరపు మీటర్ల కొత్త ఇల్లు. తెలంగాణలో 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని ప్రారంభించింది భద్రాచలంలోనే. ఐదు లక్షలు, కనీసం 400 చదరపు అడుగులు, వంటగది, మరుగుదొడ్డి, ఇల్లు ఆడవాళ్ళ పేరున. ఆ చివరి నిబంధన కోసం స్త్రీ ఉద్యమం ఎంతకాలం పోరాడిందో మనకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. కానీ డబ్బు విడతలు పునాది, గోడలు, స్లాబు, పూర్తి అని కట్టడపు దశల్ని బట్టి వస్తాయి. పునాది వేయడానికి ముందు చేతిలో డబ్బుండాలి. లేనివాళ్ళు పొదుపు సంఘంలో అప్పు తీసుకుంటారు. ఇల్లు ఆమె పేరు, అప్పు ఆమె పేరు, స్లాబు ఎప్పుడు పోయాలో నిర్ణయం మేస్త్రీదీ మొగుడిదీ.

స్థలం మాటేమిటి? అటవీ హక్కుల చట్టం పట్టాను భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వమంటుంది. 2023 జూన్ చివర్లో పోడు పట్టాలు పంచినప్పుడు పట్టా వచ్చిన ఇళ్ళలో సంబరం మనం చూశాం. రాని ఇళ్ళు కూడా చూశాం. పట్టా లేని చోట కొత్త ఇల్లు రాదు. పాత ఇంటికి గుంజ మార్చినా "కొత్త ఆక్రమణ" అని రాసుకుంటారు. షెడ్యూలు ప్రాంతంలో 1/70 ఉండటం వల్ల తాకట్టు పెట్టి బ్యాంకు అప్పు తీసుకోలేరు కాబట్టి ఆ చట్టాన్ని సడలించాలని కొందరు పెద్దమనుషులు ఆదివాసీ స్త్రీల మీద ప్రేమ ఒలకబోస్తారు. తాకట్టు లేకుండా అప్పివ్వమని బ్యాంకుల్ని అడగొచ్చుగా? అది అడగరు.

ముంపు గ్రామాలది ఇంకో నరకం. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలను ఖమ్మం నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. రేపోమాపో మునిగే ఊరికి ఇల్లెందుకు, మరమ్మతెందుకు అనే మాట అక్కడి ఆడవాళ్ళు పెళ్ళై వచ్చిన నాటి నుంచి వింటున్నారు. పునరావాసాన్ని మొదట 41.15 మీటర్ల మట్టానికే లెక్కగట్టారు. ప్రాజెక్టు పూర్తి మట్టం 45.72. ఆ రెండు అంకెల మధ్య ఉన్న ఊళ్ళు కాగితం మీద మునగవు, 2022లో గోదావరి మాత్రం వాటిని ముంచింది. పోవడానికి పరిహారం లేదు, ఉండటానికి మరమ్మతు లేదు.

2005 తర్వాత సల్వాజుడుం హింస నుంచి పారిపోయి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల గుడిసెల గురించి మన సంఘాలు కూడా గొంతు తగ్గించే మాట్లాడతాయి. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఒక అటవీ రేంజి అధికారి హత్య జరిగింది. ఆ హత్యను ఎవరూ సమర్థించరు. కానీ ఆ వెంటనే గుత్తికోయలందర్నీ వెళ్ళగొట్టాలని స్థానిక పంచాయతీ తీర్మానం చేసింది. చేసినవాళ్ళు ఇద్దరు, ఇళ్ళు పోవలసింది మొత్తం గూడేనికి. ఆ గుడిసెల్లో బాలింతలున్నారు. తలుపు పెట్టుకుంటే స్థిరపడ్డారంటారని తలుపు కూడా పెట్టని ఇళ్ళవి.

వంటింటి విషయంలో ఈ దేశానికి ఒక అనుభవం ఉంది, దాన్ని మర్చిపోకూడదు. 1983-84లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టారు. ఉన్న వంటింట్లోనే పొగలేని పొయ్యి. మరమ్మతు అంటే అచ్చం ఇదే. లక్షల్లో పొయ్యిలు పెట్టి 2002లో ఆ కార్యక్రమాన్ని మూసేశారు. గొట్టం పూడుకుపోతే శుభ్రం చేసేదెవరు, పొయ్యి పగిలితే మళ్ళీ కట్టేదెవరు, ఆమె కుండకు ఆ కన్నం సరిపోతుందా అని లక్ష్యాల పరుగులో అడిగిన వాళ్ళు తక్కువ. 1999లో దీపం, 2016లో ఉజ్వల గ్యాసు తెచ్చాయి. బండ అయిపోయాక మళ్ళీ కట్టెల పొయ్యే. గ్యాసు వచ్చిందన్న ధీమాతో వంటింటికి కిటికీ పెట్టే ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

ఆడవాళ్ళకు మరమ్మతు పని అప్పగించలేమని, సాంకేతిక పరిజ్ఞానం లేదని అధికారులు అనే మాటకు వాళ్ళ సొంత జీవోనే జవాబు. 2024లో తెలంగాణ ప్రభుత్వం బడుల మరమ్మతుల కోసం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసింది. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్మాస్టరు కన్వీనరు. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, చిన్నచిన్న రిపేర్లు ఆ కమిటీల చేతుల మీదుగా జరగాలన్నారు. లోపాలున్నాయి, బిల్లులు ఆలస్యమయ్యాయి, కొన్నిచోట్ల అధ్యక్షురాలి చేత సంతకం పెట్టించుకుని పనంతా ఇంకెవరో చేశారు. అయినా ఒక సంగతి తేలిపోయింది. బడి గోడకు పగులు పూడ్చే పనిని పర్యవేక్షించగల మహిళ తన ఇంటి గోడకు ఎందుకు పర్యవేక్షించలేదు?

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ఇందిరమ్మ ఐదు లక్షల పథకంలోనే, ఉన్న ఇంటిని బాగుచేసుకుంటాననే వాళ్ళకు అందులో కొంత ముందుగా, ఒక్క విడతలో, ఆమె ఖాతాలో వేసే దారి ఉండాలి. ఏ పని చేయించాలో ఆమె రాయాలి, ఇంజనీరు కాదు. మెత్తడానికి, అలకడానికి కూలి లెక్క కట్టాలి. చేత్తో చేసిన పెంకును కచ్చా అనడం మానాలి, ఆస్‌బెస్టాస్‌ను పక్కా అనడం అంతకంటే ముందు మానాలి. విపత్తు నిబంధనల్లో బీటలిచ్చిన ఇంటికి ఇచ్చేది గోడను నిజంగా నిలబెట్టేంత ఉండాలి, అనుమతి ఉన్న కట్టడమనే వాక్యం షెడ్యూలు ప్రాంతాల్లో పోవాలి. పెసా ప్రకారం లబ్ధిదారుల్ని ఎంచవలసింది గ్రామసభ. ఆ సభ సాయంత్రం మొగవాళ్ళు కూడినప్పుడు కాక, ఆడవాళ్ళు రాగలిగిన వేళ జరగాలి.

వీటికి సర్కారు ఒప్పుకునే దాకా ఆగనక్కర లేని పని ఒకటుంది. అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కుల క్లెయిము కోసం వేసే ఫారం-బి లో హక్కుల వరసలో మొదటి గడి నిస్తార్ లాంటి హక్కులదే. 2008, 2009ల్లో ఈ జిల్లాలో ఆ ఫారాలు నింపడానికి గూడేలకు వెళ్ళిన వాళ్ళలో నేనూ ఉన్నాను. తునికాకు రాశాం, చేపలు రాశాం, పశువుల మేత రాశాం, ఇప్పపువ్వు రాశాం. మాకు వివరాలు చెప్పింది ఎక్కువగా మొగవాళ్ళే. ఇంటి గుంజలు, వాసాలు, తడిక వెదురు, కప్పుగడ్డి, ఎర్రమన్ను తవ్వే చోటు ఏ ఫారంలోనూ రాసినట్టు నాకు గుర్తులేదు. ఈ మధ్య ఒక సంస్థ బీరువాలోంచి పాత నకళ్ళు తీయించి చూశాను. చాలా వాటిలో ఆ మొదటి గడిలో ఒక అడ్డగీత ఉంది. కొన్నిటిలో ఆ గీత నా చేతిరాతే.